ధ్వని కూర్పులో తెర, మీటల అమరిక

గోదావరిఖని ప్రాంతంలో, రామగుండం-3 ఏరియా గనులకు అనుబంధంగా వెలసిన సెంటినరీ కాలనీకి పేరులోనే నూరేళ్ల మాట ఉంది. ఇల్లందు ప్రాంతంలో 1889లో బొగ్గు తవ్వకం మొదలైనది మొదలు సింగరేణి గనుల్లో పని తీరు ఎన్నో మార్పులకు లోనైంది. చెమ్మస్‌తో బొగ్గును తట్టకెత్తి టబ్బులు నింపిన రోజులను కార్మికులు నేటికీ ‘తట్టా చెమ్మస్’ కాలమని చెప్పుకొంటారు. ఇప్పుడు సమీపంలోని అడ్రియాల గనిలో లాంగ్‌వాల్ యంత్రం బొగ్గు పొరను బారుగా కోస్తుంది. యంత్రం వచ్చిన చోట పాత పనిముట్టు మూలకు చేరుతుంది. దానితోపాటు దాని పేరు, దాని చప్పుడు కూడా వాడుక నుండి తొలగిపోతాయి. వాటిని ఎరిగినవారు నేడు పదవీ విరమణ చేసిన వృద్ధులు. వారి మాటలను ధ్వనిముద్రణ చేసి భద్రపరచడం కళాశాల విద్యార్థులకు సాధ్యమైన పనే. ముద్రణకు చేతిలోని సెల్‌ఫోను చాలు. కష్టమంతా ఆ తరువాత కంప్యూటరు ముందు కూర్చొని చేసే కూర్పులో ఉంది.

కాలనీలోని ఒక విద్యార్థిని తన తాత మాటలను గంటసేపు రికార్డు చేసిందనుకొంటే, ఆ గంటలో ఏముంటుంది? తాత గొంతు ఉంటుంది; పైన తిరిగే ఫ్యాను రొద, మధ్యమధ్య దగ్గు, షిఫ్టు మారే వేళ వినిపించే సైరన్ కూత ఉంటాయి. ఒకచోట తాత మాట ఆపి, చేతికర్రతో నేల మీద రెండుసార్లు తడతాడు. భూగర్భ గనిలో పని మొదలుపెట్టే ముందు కార్మికులు పైకప్పును ఇనుప కడ్డీతో తట్టి చూసేవారు. రాయి గట్టిగా ఉంటే ఖంగుమని మోగుతుంది. పొర విడిపోయి ఉంటే డొల్లచప్పుడు వస్తుంది. ఆ తేడా గుర్తించలేని చెవి ప్రాణం మీదికి తెస్తుంది. తాత చూపినది ఆ తేడానే. కాని కంప్యూటరు తెర మీద ఆ రెండు దెబ్బలు రెండు నిలువు గీతలుగా మాత్రమే కనిపిస్తాయి. తలుపు పడిన చప్పుడూ అలాగే కనిపిస్తుంది. తొందరపడిన చేయి రెండింటినీ ఒకే తీరుగా తుడిచివేయగలదు.

టేపుల కాలంలో ధ్వని కూర్పు బ్లేడుతోనూ అతుకు పట్టీతోనూ జరిగేది. సెకనుకు 7.5 అంగుళాల వేగంతో తిరిగే టేపు మీద ఒక్క సెకను మాట ఏడున్నర అంగుళాల పొడవు ఆక్రమిస్తుంది. ఎక్కడ కోయాలో చేతికి తెలిసేది. కోసిన ముక్క బల్ల మీద కనబడేది. కంప్యూటరులో ఆ పొడవు స్థిరమైనది కాదు. చూసేవారి ఇష్టాన్ని బట్టి సాగుతుంది, కుంచించుకుపోతుంది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో డొమినిక్ మజోనీ, రోజర్ డానెన్‌బర్గ్ ప్రారంభించి, 2000 సంవత్సరంలో అందరికీ ఉచితంగా అందించిన ఆడాసిటీ ఇట్టి సాఫ్ట్‌వేర్లలో ప్రసిద్ధమైనది. ఇక్కడ వివరించే అమరికలన్నీ దానికి సంబంధించినవే.

ఒక గంట రికార్డు మొత్తాన్ని 1366 చుక్కల వెడల్పు గల తెర మీద ఒకేసారి పరిస్తే ఒక్కొక్క చుక్క వెనుక రెండున్నర సెకన్లకు పైగా మాట దాగి ఉంటుంది. ఒక పూర్తి వాక్యం ఒక చుక్కలో ఇమిడిపోవచ్చు. ఆ చూపుతో కూర్పు చేయడం గుట్ట మీద నిలబడి పొలంలో కలుపు తీయాలనుకోవడం వంటిది. అదే తెర మీద ముప్పై సెకన్లు మాత్రమే కనబడేలా విస్తరిస్తే ఒక చుక్క సెకనులో సుమారు నలభై అయిదో వంతు అవుతుంది. అప్పుడు మాటకూ మాటకూ నడుమనున్న సందు స్పష్టమవుతుంది. కంట్రోల్ మీటతో 1 నొక్కితే చిత్రం విస్తరిస్తుంది, 3 నొక్కితే కుదించుకుపోతుంది, ఎఫ్ నొక్కితే మొత్తం రికార్డు తెరలో ఇముడుతుంది. ఎంచుకొన్న భాగాన్ని మాత్రమే తెర నిండా చూడాలంటే కంట్రోల్‌తో ఇ నొక్కాలి. దూరపు చూపు, దగ్గరి చూపు మార్చి మార్చి వాడడమే ఈ పనిలో మొదటి మెలకువ.

తరంగ చిత్రం ధ్వని ఎంత బిగ్గరగా ఉందో చెబుతుంది గాని ఆ ధ్వని ఏమిటో చెప్పదు. ట్రాకు మెనూలో స్పెక్ట్రోగ్రాం అనే మరొక దృశ్యం ఉంది. అందులో కింది నుండి పైకి ధ్వని స్థాయి పెరుగుతుంది. మన విద్యుత్తు 50 హెర్ట్జ్‌ల మీద నడుస్తుంది గనుక దాని గుయ్‌మనే శబ్దం రికార్డులోకి చొరబడితే 50, 100, 150ల వద్ద అడ్డగీతలుగా కనిపిస్తుంది. సైరన్ కూత మెరుపు తీగలా సాగుతుంది. ‘స’, ‘శ’ వంటి ఊష్మాలు పైభాగంలో మబ్బులా పరచుకొంటాయి. రెండు దృశ్యాలనూ ఒకే ట్రాకులో పైన ఒకటి, కింద ఒకటిగా చూపే సౌకర్యం 2020లో వచ్చింది. దెబ్బ కర్రదా తలుపుదా అని సందేహం కలిగినప్పుడు ఈ జంట చూపు కొంత సాయపడుతుంది. తుది తీర్పు మాత్రం చెవిదే.

ఇక మీటల సంగతి. మౌసుతో మెనూలోకి వెళ్లి ఆజ్ఞను వెదికేటంత సేపు కన్ను పనిచేస్తుంది, చెవి ఆగిపోతుంది. రికార్డు వినడానికీ ఆపడానికీ స్పేస్ మీట ఉంది. వింటూ వింటూనే కంట్రోల్‌తో ఎం నొక్కితే ఆ క్షణం వద్ద ఒక లేబుల్ నాటుకొంటుంది. అందులో ‘కప్పు తట్టిన చప్పుడు’ అని రాసుకోవచ్చు. ఎంపిక అంచులు టిక్కుమనకుండా, తరంగం సున్నా గీతను దాటే చోటికి జరపడానికి జెడ్ మీట ఉపకరిస్తుంది. ఇవి నచ్చకపోతే కంట్రోల్‌తో పి నొక్కి ప్రాధాన్యతల పట్టిక తెరిచి, మీటల విభాగంలో ప్రతి ఆజ్ఞకూ తనకు అనువైన మీటను నిర్ణయించుకోవచ్చు. ఇదివరకే మరొక ఆజ్ఞకు ఇచ్చిన మీటను ఎంచుకొంటే సాఫ్ట్‌వేరు హెచ్చరిస్తుంది.

తరచుగా వాడే ప్రతిదానికీ దగ్గరి మీట ఇవ్వాలని చాలామంది భావిస్తారు. అది సగమే నిజం. నిశ్శబ్దాలను వాటంతటవే కత్తిరించే ఆజ్ఞ ఒకటి ఉంది. నిర్ణీత హద్దు కన్న తక్కువగా ఉన్న ధ్వనినంతటినీ అది నిశ్శబ్దంగానే లెక్కిస్తుంది. హద్దు సరిగా ఎంచకపోతే వృద్ధుని బలహీనమైన గొంతు, వాక్యం చివర సన్నగిల్లే క్రియాపదం కూడా దానికి బలి అవుతాయి. తోటివాని మరణం గురించి చెబుతూ తాత నాలుగు సెకన్లు మౌనం వహిస్తే ఆ మౌనమూ పోతుంది. దగ్గు కూడా అంతే: వినేవారికి ఇబ్బందే గాని, అది ఆ గొంతులో భాగం. ఇట్టి ఆజ్ఞలకు ఒంటి మీట ఇవ్వకుండా మెనూ లోతుల్లోనే ఉంచడం మేలు. అక్కడికి వెళ్లేలోగా ఆలోచనకు వ్యవధి దొరుకుతుంది. కంట్రోల్‌తో జెడ్ నొక్కి తప్పును వెనక్కి తీసుకోవచ్చు గాని, ప్రాజెక్టును దాచి మూసివేస్తే ఆ అవకాశం ముగుస్తుంది. మార్పుల జాబితా మరునాటికి మిగలదు. అందుచేత మూల రికార్డు ప్రతిని వేరే చోట భద్రపరచిన తరువాతే కూర్పుకు ఉపక్రమించాలి.

చూపున్నవారికి మీటలు వేగానికి సంబంధించినవి. చూపు లేనివారికి పనికే ఆధారం. తెరపై అక్షరాలను చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే ఉచిత సాఫ్ట్‌వేరును ఆస్ట్రేలియాలో మైఖేల్ కరన్ 2006లో ప్రారంభించాడు. దాని తోడుతో అంధులు మౌసు ముట్టకుండా ఆడాసిటీలో కూర్పు చేయగలుగుతున్నారు. తరంగ చిత్రం వారికి కనబడదు. ఆ రెండు దెబ్బలను వారు గీతలుగా కాక చప్పుళ్లుగానే ఎదుర్కొంటారు. ఈ ఒక్క విషయంలో వారిది పాత గని కార్మికుని పద్ధతి.

కళాశాల ప్రయోగశాలలో ఒకే కంప్యూటరును పలువురు వాడతారు గనుక ఒకరు మార్చిన మీటలు మరొకరిని తికమక పెట్టవచ్చు. దీనికి ఉపాయం ఉంది. మీటల పట్టికను ఒక చిన్న ఫైలుగా బయటికి తీసి పెన్‌డ్రైవ్‌లో ఉంచుకొని, పని మొదలుపెట్టేటప్పుడు లోపలికి తెచ్చుకోవాలి. పని ముగిశాక పూర్వపు అమరికను పునరుద్ధరించాలి. లేబుళ్లను కూడా పాఠ్య ఫైలుగా వేరుగా దాచవచ్చు. ఆ విద్యార్థిని పెన్‌డ్రైవ్‌లో మీటల ఫైలు పక్కన మరొక ఫైలు ఉంటుంది: తట్ట, చెమ్మస్, టబ్బు, సైరన్, దగ్గు, కప్పు తట్టిన చప్పుడు, మౌనం అంటూ ఒక్కొక్క మాట, దాని ఎదుట అది రికార్డులో వచ్చే సెకను.