తోకచుక్కను చూచిన కవి



కోటవురట్లకు అనతిదూరమున, నేటి అనకాపల్లి జిల్లాలోనే, ఎస్. రాయవరమను గ్రామము కలదు. గురజాడ వేంకట అప్పారావుగారు 1862వ సంవత్సరమున అచ్చటనే జన్మించిరి. విజయనగరమున చదివి, అచ్చటనే ఉపాధ్యాయులైరి. వారి ‘కన్యాశుల్కము’ను గూర్చి మీరు వినియేయుందురు. మనమిపుడు చూడదలచినది వారి గేయములు యువకుల దృష్టిని నేటి దినముపై నిలిపిన విధము.

1910 మే నెలలో హేలీ తోకచుక్క భూమికి చేరువగా వచ్చెను. తోకచుక్క పొడచూపిన కరవు కాటకములు తప్పవని మన పెద్దలు నమ్ముచుండిరి. భయపడుటలో పాశ్చాత్యులును మనకు తీసిపోలేదు. దాని తోకలో విషవాయువు కలదని శాస్త్రజ్ఞులు కనుగొనగా, భూమి ఆ తోకలో చిక్కి ప్రాణికోటి నశించునని పలువురు వణకిరి. ఆ భయమును సొమ్ము చేసికొని తోకచుక్క మాత్రలు అమ్మిన గడుసువారును ఉండిరి! ఆ దినములు గడచిపోయెను. ఏ కీడును కలుగలేదు.

ఆ యేటనే అప్పారావుగారు ‘ముత్యాల సరములు’ రచించిరి. ఆలుమగల సంభాషణ గల ఆ గేయమున భర్త తోకచుక్కను చూచి బెదరడు. అది భూమికి దూరపు చుట్టమనును. సంఘసంస్కరణకు జెండాగా దానిని భావించును. పంచాంగము చూచి భయపడువానికి అది రేపటి కీడు. తలయెత్తి చూచిన వానికి ఆనాటి వింత. భయపడవలదని హితబోధ చేసిన ఎందరు వినియుందురు? కవి ఆ చుక్కనే కన్నుల ముందు నిలిపెను.

భయము మనస్సును రేపటికి లాగినట్లే, గొప్పలు నిన్నటికి లాగును. మా తాతలు నేతులు త్రాగిరి, మా మూతులు వాసన చూడుడను సామెత మీకు తెలియును. అదే కాలమున వెలసిన ‘దేశభక్తి’ గేయము ఈ జాడ్యమునకు మందు. గతమును నెమరువేయుటవలన కలుగు మేలు స్వల్పమని చెప్పి, కవి యువకుని చేతికి పని చూపెను: పంటలు పండించుట, వస్తువులు తయారుచేయుట, ఒడలికి బలము కూర్చుకొనుట, పొరుగువానికి తోడుపడుట. వర్తమానమున జీవించుటయనగా రేపటి చింత లేక తిని తిరుగుటయని కొందరు తలతురు. ఈ గేయమున అట్టి వర్తమానము లేదు.

పూర్వకావ్యములు చదువుటకు నిఘంటువు వలయును. దానిని తిరుగవేయు లోపల భావము చల్లారిపోవును. అప్పారావుగారు వాడుకమాటలను మూడు, నాలుగు మాత్రల నడకలో కూర్చిరి. పండితులు కొందరు పెదవి విరిచిరి. (వారిని పూర్తిగా తప్పుపట్టను, పద్యమునకు గల బిగి వేరు.) కాని పద్యమనగానే వెనుకాడు విద్యార్థి సహితము, ఈ గేయమును నాలుగుమార్లు వినగనే తాళము వేయుచు పాడుట నేను తరగతిలో పలుమారు చూచితిని. పాడుచున్నంతసేపు వాని మనస్సు నిన్నటి మార్కులమీదను ఉండదు, రేపటి పరీక్షమీదను ఉండదు. తాళము తప్పునేమోయని పలుకుచున్న మాటమీదనే ఉండును.

అప్పారావుగారి ప్రసిద్ధ గేయములు పెక్కులు 1910 మొదలు కొలది యేండ్లలోనే వెలసినవి. తరచు అస్వస్థులగుచుండిన వారు 1915 నవంబరు 30న పరమపదించిరి.

హేలీ తోకచుక్క 1986లో మరల వచ్చి పోయెను. ఇక 2061లో రావలసియున్నది. మీలో పలువురు దానిని చూడవచ్చును. ఈలోపల ‘దేశభక్తి’ గేయమును మీ ఉపాధ్యాయునడిగి వ్రాసికొని, దాని పాదములందు మూడు, నాలుగు, మూడు, నాలుగు మాత్రలు వచ్చునో రావో వ్రేళ్లపై లెక్కించి చూడుడు.