అమ్మానాన్నలకు చక్కెర వ్యాధి ఉంటే మనకూ వస్తుందా?

కోనసీమలో ఏ పెళ్లికి వెళ్లినా పంక్తిలో కూర్చున్న పెద్దల్లో ఒకరిద్దరు పూతరేకు వద్దని చెయ్యి అడ్డం పెట్టి, "నాకు షుగరండీ" అనడం మీరు వినే ఉంటారు. పక్కనున్నాయన "మాది షుగరు వంశమండీ, మా ఇంట్లో ఎవర్నీ వదల్లేదు" అని నవ్వుతాడు. ఆ ఇంటి పిల్లవాడికి మాత్రం నవ్వు రాదు. మామ్మకు వచ్చింది, నాన్నకు వచ్చింది. ఇక వరసలో నేనేనా?

ఈ ప్రశ్నకు జవాబు తెలియాలంటే ముందు ఒక చిన్న లెక్క చేయాలి. పలక, బలపం తీసుకోండి.

పెద్దవారి ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నవారికి పరగడుపున 100 మిల్లీలీటర్ల రక్తంలో ఉండే గ్లూకోజు 100 మిల్లీగ్రాములకు మించదు. అంటే మొత్తం రక్తంలో ఉన్నది మహా అయితే 5 గ్రాములు, ఒక చెంచాడు! ఇప్పుడు భోజనం సంగతి చూద్దాం. 100 గ్రాముల బియ్యంలో సుమారు 78 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. ఒక పూట 150 గ్రాముల బియ్యం వండుకు తింటే 117 గ్రాములు. ఈ పిండిపదార్థమంతా దాదాపుగా గ్లూకోజుగా మారి రక్తంలోకే రావాలి. చెంచాడు ఉండవలసిన చోటికి ఇరవైమూడు చెంచాలు వచ్చి పడుతున్నాయన్నమాట. అయినా రెండు మూడు గంటల్లో రక్తం మళ్లీ మామూలు స్థితికి వస్తుంది. ఆ గ్లూకోజంతా ఎక్కడికి పోయింది?

చాలా భాగం కండరాల్లోకి, కొంత కాలేయంలోకి పోయింది. అక్కడికి పొమ్మని దారి చూపేది ఇన్సులిన్. జీర్ణాశయం వెనుక ఉన్న క్లోమగ్రంథిలోని బీటా కణాలు దీన్ని తయారుచేస్తాయి. ఇన్సులిన్ వచ్చి తట్టగానే కండరాల కణాలు తలుపు తీసి గ్లూకోజును లోపలికి రానిస్తాయి. కొందరిలో ఈ కణాలు మొరాయిస్తాయి. ఒకసారి తడితే తీయవలసిన తలుపును నాలుగుసార్లు తట్టాలి. పాపం, క్లోమం మరింత ఇన్సులిన్ తయారుచేసి ఏళ్ల తరబడి నెట్టుకొస్తుంది. చివరికి అలసిపోతుంది. అప్పుడు గ్లూకోజు రక్తంలోనే నిలిచిపోయి కళ్లను, మూత్రపిండాలను, నరాలను, గుండెను మెల్లగా దెబ్బతీస్తుంది. ఇది రెండో రకం చక్కెర వ్యాధి. మనం మాట్లాడుకుంటున్నది దీని గురించే. (పిల్లల్లో ఎక్కువగా కనిపించే మొదటి రకం వేరు. అందులో బీటా కణాలే నాశనమవుతాయి. మిఠాయిలు తిన్నందువల్ల వచ్చేది కాదది. ఆ పిల్లలకు ఇన్సులిన్ సూది తప్పనిసరి. మీ తరగతిలో అలాంటి స్నేహితుడుంటే ఎవరూ వెక్కిరించకుండా చూడండి.)

ఇందులో ఒక విశేషం ఉంది. కండరానికి రెండో తలుపు కూడా ఉంది! మనం నడిచినా, సైకిలు తొక్కినా, కబడ్డీ ఆడినా పనిచేస్తున్న కండరం ఇన్సులిన్ పిలుపు కోసం ఎదురుచూడకుండానే గ్లూకోజును లాక్కుంటుంది. ఆట ఆగిపోయాక కూడా కొన్ని గంటలపాటు ఇన్సులిన్ మాట చప్పున వింటుంది. మన కథంతా ఈ రెండో తలుపు మీదే ఆధారపడి ఉంది.

ఇక వంశం మాట. తల్లికో తండ్రికో ఈ వ్యాధి ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఇతరులకన్నా రెండు మూడు రెట్లు ఎక్కువన్నది నిజం. అయితే కంటిరంగు వచ్చినట్టు వ్యాధి నేరుగా రాదు. దీనికి సంబంధమున్న జన్యుభేదాలు వందల సంఖ్యలో ఉన్నాయి. ఒక్కొక్కదాని ప్రభావం కొంచెమే. వారసత్వంగా వచ్చేది ఒక బలహీనత. అది వ్యాధిగా మారడం, మారకపోవడం బతికే తీరును బట్టి ఉంటుంది.

ఈ సంగతి అమెరికాలోని పీమా తెగవారిని చూస్తే బాగా తెలుస్తుంది. ఒకే మూలానికి చెందిన వీరిలో కొందరు అమెరికాలోని అరిజోనాలో, కొందరు మెక్సికో కొండల్లో ఉన్నారు. 2006లో వెలువడిన పరిశీలన ప్రకారం అరిజోనా పీమాల్లో నూటికి 38 మందికి చక్కెర వ్యాధి ఉంటే, కొండల్లో సేద్యం చేసుకుంటూ ఒళ్లు వంచి పనిచేసే మెక్సికో పీమాల్లో ఉన్నది నూటికి ఏడుగురికే.

మన గోదావరి ప్రాంతమూ ఇందుకు దూరం కాదు. 2006లోనే ప్రచురితమైన మరో పరిశీలనలో ఇక్కడి 20 పల్లెల్లో ముప్పై ఏళ్లు దాటినవారిని పరీక్షిస్తే నూటికి సుమారు 13 మందికి ఈ వ్యాధి ఉన్నట్టు తేలింది. పట్నవాసుల జబ్బు అనుకున్నది పల్లెకు ఎలా వచ్చింది? పూతరేకులను తప్పుపట్టకండి, ఆత్రేయపురంలో వాటిని ఎప్పటినుంచో చేస్తున్నారు. మారింది పని. ఒకనాడు రాజోలు పక్క పల్లెవాసి చేలగట్ల వెంట, కాలువగట్ల వెంట నడిచి వెళ్లి పంటు ఎక్కి ఏరు దాటేవాడు. ఇంట్లో ఆడవాళ్లు వడ్లు దంచేవారు. ఇప్పుడు గుమ్మంలోకే ఆటో వస్తుంది, మిల్లులో బియ్యం తెల్లగా దిగుతుంది. అన్నం రాశి మాత్రం తగ్గలేదు! దంపుడు బియ్యం గొప్పని అందరూ అంటారు, మంచిదే. కాని ఆ బియ్యంకన్నా వాటిని దంచిన రోకలే ఎక్కువ మేలు చేసిందని నాకనిపిస్తుంది.

అలవాట్లు మార్చుకుంటే నిజంగా ఆపగలమా? దీన్ని చెన్నైలో పరీక్షించి చూశారు. డాక్టరు ఎ. రామచంద్రన్, ఆయన సహచరులు 531 మందిని ఎంచుకున్నారు. వారికి ఇంకా వ్యాధి లేదు కాని, గ్లూకోజు నీళ్లు తాగిన రెండు గంటలకు రక్తంలో చక్కెర ఉండవలసినదానికన్నా ఎక్కువగా ఉంది. కొందరికి మామూలు సలహా చెప్పి పంపారు. మరికొందరి వెంటపడి రోజూ అరగంట నడిపించారు, పంచదార, పాలిష్ ధాన్యం, నూనె తగ్గించి పీచు పెంచమన్నారు. మూడేళ్ల తర్వాత మొదటి వర్గంలో నూటికి 55 మందికి వ్యాధి వచ్చింది. రెండో వర్గంలో 39 మందికి. వారి బరువు పెద్దగా తగ్గకపోయినా ఈ ఫలితం రావడం గమనించదగ్గది. ఈ వివరాలు కూడా 2006లోనే వెలువడ్డాయి.

39 మందికి వచ్చిందిగా అని మీరు అడగవచ్చు. నిజమే, ఇది మంత్రం కాదు. అయితే వాయిదా పడడం కూడా చిన్న లాభం కాదు. చైనాలోని డాచింగ్ నగరంలో 1986లో మొదలుపెట్టిన ఇలాంటి ప్రయోగాన్ని ముప్పై ఏళ్లు వెంబడించి చూస్తే, అలవాట్లు మార్చుకున్నవారికి వ్యాధి సుమారు నాలుగేళ్లు ఆలస్యంగా వచ్చింది. గుండెజబ్బులు, చావులు కూడా తగ్గాయి.

మరి మీరేం చేయాలి? ఎదిగే వయసులో పస్తులుండడం, అన్నం మానేయడం తెలివితక్కువ పని. కంచంలో అన్నం సగానికి మించకుండా, మిగతా చోట ఆనపకాయో, పనసపొట్టు కూరో, పప్పో, చేపో ఉండేట్టు చూసుకోండి. దాహానికి మంచినీళ్లు, మజ్జిగ ఉన్నాయి. కొబ్బరినీళ్లలోనూ చక్కెర ఉంది, కాని 100 మిల్లీలీటర్లకు మూడు నాలుగు గ్రాములే. అంతే కూల్‌డ్రింకులో పది గ్రాముల పైమాటే. బడి రెండు కిలోమీటర్ల లోపుంటే బండి ఎక్కకండి. ఆటల పీరియడు లెక్కల మాస్టారికి ఇచ్చేయకండి! అమ్మాయిలకు ఈ మాట మరీ అవసరం, పెద్దమనిషి అయ్యాక చాలా ఇళ్లలో వాళ్ల ఆట ఆపేస్తారు.

ఒక పని ఇస్తాను. ఇంట్లోవాళ్లను అడిగి మీ వంశవృక్షం గీయండి. వ్యాధి ఉన్నవారి దగ్గర అది ఏ వయసులో బయటపడిందో, వారు చేసిన పని ఏమిటో రాయండి. కొబ్బరి దింపు తీసిన తాతయ్యకు ఎప్పుడు వచ్చింది, కుర్చీలో కూర్చుని పనిచేసే బాబాయికి ఎప్పుడు వచ్చింది? ముప్పై దాటీ ఇంతవరకు రక్తపరీక్ష చేయించుకోనివారి పేర్ల కింద ఎర్రగీత గీసి, ఆ కాగితం అమ్మకు చూపించండి.