లారెల్స్ మీద రెస్టు అంటే నిద్ర కాదు

ఈసారి ఒక ఇంగ్లీషు జాతీయం గురించి రాస్తున్నాను.

ఎనిమిదో తరగతి క్వార్టర్లీలో నాకు ఇంగ్లీషులో 71 మార్కులు వచ్చాయి. క్లాసు ఫస్టు. హాఫ్ ఇయర్లీలో 43. ఆ పేపరు మీద టీచరుగారు ఎర్ర సిరాతో "డోంట్ రెస్ట్ ఆన్ యువర్ లారెల్స్" అని రాశారు. రెస్ట్ తెలుసు. లారెల్ అంటే డిక్షనరీలో ఒక చెట్టు అని ఉంది. అన్నం తిన్నాక వేపచెట్టు కింద పడుకోవడం చూసి అలా రాశారనుకున్నాను. వారం రోజులు ఆ చెట్టు దగ్గరికే పోలేదు! మీరంతా నీడలో, నేనొక్కదాన్నే ఎండలో. ఆఖరికి సిగ్గు విడిచి టీచరుగారినే అడిగాను.

పూర్వం గ్రీసు దేశంలో డెల్ఫీ అనే చోట నాలుగేళ్ళకొకసారి పోటీలు జరిగేవి. పరుగుపందాలే కాదు, పాటల పోటీలు కూడా. గెలిచినవాళ్ళకి లారెల్ ఆకుల కిరీటం పెట్టేవారు. (ఒలింపిక్స్‌లో అయితే ఆలివ్ ఆకులు.) రోము సేనాపతులు కూడా యుద్ధం గెలిచి ఊరేగేటప్పుడు లారెల్ పెట్టుకునేవారు. మన పలావులో వేసే బిర్యానీ ఆకు చెట్టు దీనికి చుట్టమే, రెండూ ఒకే కుటుంబం. అందుకని లారెల్స్ అంటే గెలుపు, పేరు అని అర్థం వచ్చింది. ఒకసారి గెలిచాం కదా అని ఆ పేరు చూసుకుని, పని మానేసి కూర్చోవడమే ఈ జాతీయం. క్వార్టర్లీ తర్వాత నేను ఇంగ్లీషు పుస్తకం తెరవలేదు. నిజమే.

వాడేటప్పుడు లారెల్స్ అని బహువచనమే వాడాలి. "హి వన్ ది కప్, బట్ హి డిడ్ నాట్ రెస్ట్ ఆన్ హిజ్ లారెల్స్." కట్టెల మోపు దించి అరుగు మీద కూర్చున్న అమ్మని ఇలా అనకూడదు. అది అలసట. అసలు ఏమీ గెలవనివాళ్ళని కూడా ఈ మాట అనరు. ఇది తెలిశాక ఆ ఎర్ర సిరా మళ్ళీ చదువుకున్నాను. టీచరుగారు నన్ను గెలిచినదాన్ని అన్నారన్నమాట! ఆ పేపరు నా పెట్టెలో దాచుకున్నాను.

"లుక్ టు యువర్ లారెల్స్" అని ఇంకో మాట ఉంది. నీ పేరు ఇంకొకరు కొట్టేసేలా ఉన్నారు, జాగ్రత్త అని అర్థం. ఇప్పుడు క్లాసు ఫస్టు అమ్మాయి పెట్టె నా పెట్టె పక్కనే ఉంటుంది. పేరు రాయను. ఈ మాట ఆమెకే.