ఇంటిలో కుమ్మరిసారె
చలికాలం ప్రవేశించే వేళ ఇంటిలో కుమ్మరిపని ప్రారంభించదలచినవారు మొదట సారెను గురించి ఆలోచిస్తారు. సారె అంటే కుమ్మరి చక్రం; సంస్కృతంలో కులాలచక్రం. పుట్టింటివారు పెట్టే సారె వేరు. నిజానికి ముందుగా ఆలోచించవలసింది గదిని గురించి.

బంకమట్టిలో సిలికా ఉంటుంది. తడిగా ఉన్నంతవరకు అది గాలిలోకి లేవదు. మట్టి ఎండి ధూళి అయితే, కంటికి కానరాని ఆ రేణువులు ఊపిరితిత్తులలో చేరి, ఏళ్ల తరబడి పేరుకొని, సిలికోసిస్ అనే వ్యాధికి దారితీస్తాయి. ఆ వ్యాధికి నివారణ ఉంది గాని, పూర్తిగా నయం చేసే మందు లేదు. చలికి తలుపులు మూసుకొనే మాసాలలో ఈ ముప్పు మరింత అధికం. కాబట్టి పని ముగియగానే నేలను తడిగుడ్డతో తుడవాలి, చీపురు పట్టరాదు. వంటగది, పడకగది ఈ పనికి తగవు.

చలిగాలిలో కుండ నిదానంగా ఆరుతుంది. అది మేలే. పొయ్యి పక్కన ఉంచి తొందరపెడితే, ముందుగా ఆరిన అంచు ముడుచుకొని బీటలువారుతుంది. చూపుకు ఆరినట్లున్న పాత్రను చెంపకు ఆనించి చూడాలి. చల్లగా తగిలితే తడి మిగిలి ఉన్నట్లే. అయితే చలికాలంలో ప్రతి వస్తువూ చల్లగానే తోస్తుంది గనుక, అదే గదిలో బాగా ఆరిన మరొక పాత్రతో పోల్చుకోవాలి. తడి పాత్రను ఆవములో పెడితే, 100 డిగ్రీల సెల్సియస్ వద్ద లోపలి నీరు ఆవిరై దానిని బద్దలు చేస్తుంది. ఆ పెంకులు పక్కనున్న పాత్రలనూ దెబ్బతీస్తాయి.