మెడలో బిళ్లలు: స్కానింగ్‌లో ఏం తెలుస్తుంది?

ప్రశ్న: మా బాబుకు ఆరేళ్లు. జలుబు, గొంతునొప్పి తగ్గి మూడు వారాలైనా మెడ పక్కన బిళ్లలు చేతికి తగులుతున్నాయి. మేడ్చల్‌లో డాక్టరుగారు అల్ట్రాసౌండ్ తీయించమన్నారు. హాని ఉండదా? క్యాన్సరేమోనని భయంగా ఉంది.
– ఓ తల్లి, శామీర్‌పేట

జవాబు: హాని లేదమ్మా. అల్ట్రాసౌండ్‌లో వాడేది శబ్ద తరంగాలే. రేడియేషన్ ఉండదు, మత్తు అక్కర్లేదు. బాబును ఒళ్లో కూర్చోబెట్టుకునే చేయించొచ్చు.

ఇందులో సైజు ఒక్కటే చూడరు. జలుబుకు ఉబ్బిన బిళ్ల సాధారణంగా చిక్కుడు గింజలా కోలగా ఉంటుంది. మధ్యలో కొవ్వు తెల్లగా కనిపిస్తుంది, రక్తనాళాలు అక్కడి నుంచే లోపలికి వెళ్తాయి. బిళ్ల గుండ్రంగా మారి, ఆ తెలుపు మాయమైతే అనుమానించాలి. బిళ్లలు ఒకదానికొకటి అతుక్కుని, లోపల కుళ్లినట్టుంటే మన దగ్గర ముందు గుర్తురావాల్సింది టీబీ. చీము పట్టినా తెలుస్తుంది.

అయితే స్కాన్ చూసి రోగం పేరు ఖాయంగా చెప్పలేం. అనుమానముంటే సూదితో నమూనా తీసి సీబీనాట్ (టీబీ క్రిమిని గుర్తించే పరీక్ష), కణ పరీక్ష చేస్తారు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో టీబీ పరీక్షలు, మందులు ఉచితం. రిపోర్టులో ‘రియాక్టివ్’ (జలుబు లాంటి వాటికి స్పందించి ఉబ్బినవి) అని వస్తే కంగారొద్దు. ఇలాంటివి తగ్గడానికి వారాలు పడుతుంది. తలలో పేలు, కురుపులు, పుచ్చిన పళ్లు ఉన్నాయేమో చూడండి; వీటివల్ల కూడా బిళ్లలు ఉబ్బుతాయి, చాలామంది ఇవి మర్చిపోతారు.

కాలర్ ఎముక పైన బిళ్ల వచ్చినా, గట్టిగా కదలకుండా ఉన్నా, రెండు సెంటీమీటర్లు దాటి పెరుగుతున్నా, బరువు తగ్గుతున్నా ఆగకుండా హైదరాబాద్‌లోని నీలోఫర్ లాంటి పిల్లల పెద్దాసుపత్రికి వెళ్లండి. మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ సిరప్ మాత్రం పట్టకండి. లింఫోమా (ఈ బిళ్లల్లో వచ్చే క్యాన్సర్) ఉంటే స్టెరాయిడ్ వల్ల తాత్కాలికంగా కరిగి, పరీక్షకు దొరక్కుండా పోతుంది.