బండి బ్యాటరీ: మార్చే ముందు మూడు కొలతలు



పొదుగు నుండి వచ్చిన పాలు సుమారు 38 డిగ్రీల వెచ్చదనంతో ఉంటాయి. సూక్ష్మజీవులు పెరగడానికి ఆ వెచ్చదనం ఎంతో అనుకూలం. పాలు ఎంత త్వరగా సంఘానికి చేరి, శీతలీకరణ కేంద్రంలో 4 డిగ్రీలకు చల్లబడితే అంత మంచిది. నేడు చాలా గ్రామాలలో ఈ ప్రయాణపు మొదటి మజిలీ మోటారు సైకిలు మీదనే సాగుతున్నది. ఎండాకాలంలో క్యాను కట్టిన బండి వాకిట్లోనే గంటసేపు మొరాయిస్తే, కాచినప్పుడు విరిగే పాలు మిగులుతాయి. అట్టి పాలను సంఘం తీసుకొనలేదు. కావున బండి బ్యాటరీ సంగతి కూడా పాల నాణ్యత పాఠంలో భాగమే.

సంఘాల తనిఖీకి వెళ్లినప్పుడు మేము తరచు వినే మాట ఒకటున్నది: "బ్యాటరీ పోయిందండీ, కొత్తది వేయించాలి." నిజంగా పోయినవి కొన్ని ఉంటాయి. వదులైన వైరు, పాడైన రెగ్యులేటరు చేసిన నేరాన్ని బ్యాటరీ మోసినవి కూడా ఉంటాయి. అట్టి బండికి కొత్త బ్యాటరీ వేస్తే కొద్ది వారాలలో అదీ దించేస్తుంది, డబ్బు రెండుసార్లు దండుగ అవుతుంది. అందుచేత ముందు కొలవాలి, పిమ్మట కొనాలి.

బలహీనపడిన గుర్తులు

సెల్ఫ్ నొక్కితే ఇంజను బరువుగా తిరుగుతుంది, లేదా "టిక్ టిక్" మని శబ్దం వచ్చి ఆగిపోతుంది. హారను గొంతు బొంగురుపోతుంది. ఇండికేటర్లు మందకొడిగా వెలుగుతాయి. సెల్ఫ్ నొక్కిన క్షణంలో మీటరు దీపాలు ఆరిపోయి మరల వెలుగుతాయి.

ఈ గుర్తులు కనబడగానే మొదట చూడవలసినవి టెర్మినళ్లు. వాటిమీద తెల్లటి లేక పచ్చటి పొడి పేరుకొన్నదా? బోల్టు వదులైనదా? మైనస్ వైరు బండి చట్రానికి గట్టిగా బిగించి ఉన్నదా? పొడి ఉంటే తీగలు విప్పి, వంట సోడా కలిపిన నీటితో తుడిచి, ఆరబెట్టి, బిగించి, పైన కొద్దిగా వాసెలిన్ రాయాలి. మూతలు తీసి నీరు పోసే రకం బ్యాటరీ అయితే సోడా నీరు లోపల పడకుండా చూడాలి. పైసా ఖర్చులేని ఈ పనితోనే కొన్ని బండ్లు బాగవుతాయి.

మూడు కొలతలు

ఇందుకు ఒక మల్టీమీటరు చాలును. ఇది కొద్ది వందల రూపాయల వస్తువు. చాలా సంఘాలలో పాల పరీక్ష యంత్రానికి కూడా 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది గనుక సంఘం ఒకటి కొని ఉంచుకొంటే రెండు విధాల ఉపయోగం. మీటరును 20 వోల్టుల డి.సి. వద్ద ఉంచి, ఎర్ర తీగ ప్లస్‌కు, నల్ల తీగ మైనస్‌కు ఆనించాలి. ఒకప్పటి రాజ్‌దూత్, ఎజ్డీ వంటి బండ్లలో 6 వోల్టుల బ్యాటరీలు ఉండేవి. ఈ పాఠంలోని అంకెలన్నీ 12 వోల్టుల సీసపు బ్యాటరీలకు చెందినవి.

1. విశ్రాంతి కొలత. తెల్లవారుజామున, బండి తీయకముందు, తాళం ఆపి ఉంచి కొలవాలి. 12.6 నుండి 12.8 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్లు. 12.4 ఉంటే ముక్కాలు భాగం, 12.2 ఉంటే సగం. 12 కంటే తగ్గితే దాదాపు ఖాళీ. ముందురోజు నడిపి దించిన వెంటనే కొలిస్తే అంకె ఎక్కువ చూపి మోసగిస్తుంది.

2. బరువు కొలత. మీటరు అట్లే ఉంచి, మరొకరిచేత సెల్ఫ్ నొక్కించాలి. అంకె తగ్గడం సహజం. సుమారు 10 వోల్టుల వద్ద నిలబడితే బ్యాటరీకి శక్తి ఉన్నట్లే. విశ్రాంతిలో 12.6 చూపి, సెల్ఫ్ నొక్కగానే 9 కంటే దిగువకు పడిపోతే లోపల ప్లేట్లు అలసిపోయినవని అనుమానించాలి.

3. చార్జింగు కొలత. ఇంజను నడుస్తుండగా యాక్సిలరేటరు కొంచెం పెంచి చూడాలి. 13.5 నుండి 14.5 వోల్టుల మధ్య ఉండాలి. 13కు చేరకపోతే చార్జింగు అందడం లేదు. 15 దాటితే అధిక చార్జింగు. బ్యాటరీ ఉడికి, నీరు ఇగిరిపోతుంది. ఈ రెండింటిలోను ముందుగా బాగుచేయవలసినవి రెగ్యులేటరు, కాయిలు, వైరింగు.

చార్జింగు చూచుటకై ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు ఊడదీసే పద్ధతి కొందరిలో ఉన్నది. నేటి బండ్లలో ఇది ఎంతమాత్రం కూడదు. వోల్టేజి ఒక్కసారిగా పెరిగి లోపలి ఎలక్ట్రానిక్ పరికరాలు చెడిపోవచ్చును.

తీర్పు చెప్పే ముందు

విశ్రాంతి కొలత తక్కువగా ఉంటే వెంటనే పారవేయనక్కరలేదు. మెకానిక్ వద్ద నిదానంగా చార్జి చేయించండి. ఆంపియర్-అవర్ సంఖ్యలో పదోవంతు కరెంటు సరిపోతుంది. అనగా 5 ఆంపియర్-అవర్ బ్యాటరీకి అర ఆంపియరు. త్వరగా కావాలని ఎక్కువ కరెంటు పెడితే ప్లేట్లు దెబ్బతింటాయి. చార్జి చేసిన పిమ్మట ఒక రాత్రి ఉంచి కొలవాలి. 12.6 నిలిస్తే బ్యాటరీ మంచిదే. దించేస్తున్న కారణాన్ని బండిలో వెదకాలి. 12 వోల్టుల బ్యాటరీలో ఆరు గదులు ఉంటాయి, ఒక్కొక్కటి రెండు వోల్టుల పైచిలుకు ఇస్తుంది. నిండా చార్జి చేసినా 10.5 దగ్గరే ఆగిపోతే ఒక గది చచ్చినట్లు. దానికిక మార్పే మార్గం.

నీరు పోసే రకంలో నీటి మట్టం రెండు గీతల నడుమ ఉండాలి. తగ్గితే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. బోరు నీరు, ఫిల్టరు నీరు, అదనపు యాసిడ్ పోయరాదు. సీలు చేసిన రకం మూతను ఎన్నడూ విప్పరాదు.

పాల బండ్లకే ఎందుకు ఎక్కువ?

ఒక లెక్క చూద్దాం. సెల్ఫ్ 3 సెకన్లు, 50 ఆంపియర్ల చొప్పున లాగిందనుకొందాం. అది 150 ఆంపియర్-సెకన్లు. చార్జింగు ద్వారా ఒక ఆంపియరు చొప్పున తిరిగి జమ కావాలంటే రెండున్నర నిమిషాలు, నష్టాలు కలుపుకొంటే అంతకు మించి పడుతుంది. ఇంటి నుండి సంఘానికి కిలోమీటరు దూరం, దారిలో నలుగురి ఇళ్ల వద్ద ఆపి సెల్ఫ్ కొడితే జమ కంటే ఖర్చు ఎక్కువ. 2017 ఏప్రిల్ 1 నుండి తయారైన బండ్లలో ఇంజను నడిచినంతసేపు ముందు దీపం వెలుగుతూనే ఉంటుంది. నెమ్మదిగా నడిపేటప్పుడు బ్యాటరీకి మిగిలేది స్వల్పం. దీనికితోడు అదనపు లైట్లు, పెద్ద హారను బిగిస్తే చెప్పనక్కరలేదు.

నివారణ సులభమే. కిక్కు ఉంటే ఉదయం మొదటి స్టార్టు కిక్కుతో చేయండి. వారానికొకసారి అరగంట తగిన వేగంతో నడపండి. ఖాళీగా వదిలిన బ్యాటరీ ప్లేట్లమీద గట్టి పొర కట్టి, తిరిగి చార్జి పుచ్చుకొనదు.

మరొక హెచ్చరిక. 2020 ఏప్రిల్ నుండి వచ్చిన బి.ఎస్.-6 బండ్లలో అత్యధికం ఇంజెక్షను రకం. పెట్రోలు పంపు సైతం కరెంటుతోనే పనిచేస్తుంది. బ్యాటరీ పూర్తిగా దిగిపోతే, కార్బురేటరు బండివలె తోసి స్టార్టు చేయడం చాలామటుకు సాధ్యం కాదు. కావున గుర్తులు కనబడిన వారంలోనే కొలిపించండి.

మార్చే విధానం

పాత బ్యాటరీపై ఉన్న వోల్టులు, ఆంపియర్-అవర్, ప్లస్-మైనస్ ఏ పక్కన ఉన్నవో చూచి అదే రకం తీసుకోండి. తయారీ నెల చదవండి, వారంటీ కార్డుపై దుకాణం ముద్ర వేయించండి. కొత్తగా యాసిడ్ పోసే రకమైతే అరగంట ఉంచి, చార్జి చేసిన పిమ్మటనే బిగించాలి.

తాళం ఆపండి. విప్పేటప్పుడు ముందు మైనస్, తరువాత ప్లస్. బిగించేటప్పుడు ముందు ప్లస్, చివర మైనస్. దీనికి కారణం ఉన్నది. మైనస్ చట్రానికి కలిసి ఉంటుంది. మైనస్ ఉండగానే ప్లస్ విప్పితే, పానా చట్రానికి తగిలి నిప్పురవ్వలు లేస్తాయి, ఫ్యూజు లేని దారిలో వైరు కాలుతుంది. చార్జి అయ్యే బ్యాటరీ నుండి మండే వాయువు వస్తుంది గనుక దగ్గర బీడీ, అగ్గిపుల్ల కూడదు. యాసిడ్ కంట్లో పడితే చాలాసేపు ధారగా నీటితో కడిగి డాక్టరు వద్దకు వెళ్లాలి.

పాత బ్యాటరీ పశువుల పాకలో పెట్టవద్దు

ఇది అన్నింటికంటె ముఖ్యమైన మాట. బ్యాటరీలోని సీసం పశువులకు విషం. పగిలిన బ్యాటరీని పశువులు నాకుతాయి; దూడలకు ప్రమాదం మరీ ఎక్కువ. చూపు మందగించడం, పళ్లు నూరడం, కండరాలు అదరడం, తలను గోడకు నొక్కిపెట్టడం దాని లక్షణాలు. కొన్నిసార్లు ఏ లక్షణమూ చూపకుండానే పశువు మరణిస్తుంది. బ్రతికిన పశువు పాలలోకి సీసం చేరవచ్చును. పాత బ్యాటరీని గడ్డివాము పక్కన, దాణా గది అటకమీద, పెంటకుప్పలో వేయరాదు. పాల క్యానుతో ఒకే బుట్టలో తీసుకొని పోరాదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం కూడా వాటిని చెత్తలో కలపకుండా సేకరణకు అప్పగించాలి. కొత్తది కొన్న దుకాణంలోనే పాతది ఇవ్వండి. సాధారణంగా దాని విలువ కొంత తగ్గించి ఇస్తారు.

సంఘ సమావేశంలో చర్చకు ప్రశ్నలు

1. విశ్రాంతిలో 12.6, నడుస్తుండగా కూడా 12.6 చూపితే దోషం ఎక్కడ?
2. రాత్రంతా చార్జి చేసినా 10.5 దాటని బ్యాటరీని ఏమి చేయాలి?
3. మన సభ్యుల పాకలలో పాత బ్యాటరీలు ఎన్ని ఉన్నవి? అవి ఏ తేదీలోగా దుకాణానికి చేరాలి?

మొదటి రెంటికి సమాధానం పైపాఠంలోనే ఉన్నది. మూడవదానికి కార్యదర్శి గారు సభ్యులను అడిగి, జాబితా వ్రాసి, తీర్మానాల పుస్తకంలో తేదీతో సహా నమోదు చేయవలసినదిగా కోరుచున్నాము.