పెంచే ఎత్తు కాదు, పోయిన ఎత్తు

విజయవాడ



నీ ఉత్తరం అందింది. సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఆల్టో ఊళ్లో స్పీడ్ బ్రేకర్ల మీద అడుగు తగులుతోందనీ, రెండంగుళాలు లేపడానికి ఒక షెడ్డు వాళ్లు స్పేసర్లు వేసి సాయంత్రానికల్లా బండి చేతికిస్తామన్నారనీ రాశావు. తొందరపడి అడ్వాన్సు ఇవ్వకు అల్లుడూ. నీ బండి పుట్టినప్పుడు ఉన్న ఎత్తు ఇప్పుడు లేదు. ముందు ఆ పోయిన ఎత్తును వెనక్కి తెచ్చుకో. అంతకుమించి లేపాలన్న ఆలోచన మానుకో. ఎందుకో వివరంగా రాస్తున్నాను, నిదానంగా చదువు.

2000లో మన మార్కెట్లోకి వచ్చిన నీ ఆల్టో మోడల్‌కి కంపెనీ ఇచ్చిన గ్రౌండ్ క్లియరెన్స్ 160 మిల్లీమీటర్లు. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 2,360 మిల్లీమీటర్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం గుండ్రటి స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. అంటే బ్రేకర్ నీ బండి చక్రాల దూరం కంటే వెడల్పు. నాలుగు చక్రాలూ ఒకేసారి దాని మీద నిలుస్తాయి కాబట్టి, నడుం కింద నువ్వు కోల్పోయే జాగా 4 సెంటీమీటర్లే. లెక్క ప్రకారం కట్టిన బ్రేకర్ నీ ఆల్టోకి తగలనే తగలకూడదు. తగులుతోందంటే రెండే కారణాలు: ఎవరి ఇంటి ముందు వాళ్లు సిమెంటుతో పోసుకున్న సన్నటి నిటారు గట్టు అయినా అయి ఉండాలి, నీ బండి కుంగో, అడుగున ఏదైనా వేలాడో అయినా ఉండాలి. పాత బండి అంటున్నావు కాబట్టి నా అనుమానం రెండోదాని మీదే.

బండిని పిట్ ఉన్న షెడ్డుకి తీసుకెళ్లి, టార్చి లైటు పట్టుకుని నువ్వే కిందికి దిగి చూడు. పాత గీత మీద తుప్పో మట్టో పట్టి ఉంటుంది, ఈ మధ్య తగిలిన చోట లోహం మెరుస్తుంది. ఆ మెరుపు సైలెన్సర్ పైపు మీద ఉంటే దాన్ని వేలాడదీసే రబ్బర్లు సాగిపోయాయో, తెగిపోయాయో చూడు. రబ్బర్లు మార్చిస్తే సరిపోయేదానికి బండి మొత్తాన్ని లేపడం దేనికి? మెరుపు ఇంజిన్ గార్డు మీద ఉంటే అది వంగి కిందికి దిగిందేమో చూడు. ఇంజిన్ ఛాంబర్ మీదే ఉంటే మాత్రం ముందు భాగం కుంగి ఉండవచ్చు. అప్పుడు ఆలస్యం చేయకు. ఛాంబర్ పగిలితే ఆయిలు పోతుంది, ఆయిలు లేకుండా నడిపితే ఇంజినే పోతుంది.

తర్వాత టేపు పట్టు. చదునైన నేల మీద, డిక్కీ ఖాళీ చేసి, నాలుగు టైర్లలో కంపెనీ చెప్పినంత గాలి నింపి, చక్రం నడిమధ్య నుంచి నిటారుగా పైన మడ్‌గార్డు అంచు దాకా కొలువు. నేల నుంచి కొలిస్తే టైరు అరుగుదల, గాలి కూడా లెక్కలో కలుస్తాయి. చక్రం మధ్య నుంచి కొలిస్తే సస్పెన్షన్ సంగతి ఒక్కటే తెలుస్తుంది. ఎడమకీ కుడికీ తేడా కనబడితే తక్కువున్న వైపు స్ప్రింగ్ అడుగు చుట్టు చూడు. స్ప్రింగ్ కూర్చునే గిన్నెలో మట్టి, నీళ్లు నిలిచి తుప్పు పట్టి, ఆ చుట్టు విరిగే అవకాశం ఉంది. విరిగిన ముక్క గిన్నెలోనే ఇరుక్కుని ఉంటే పైనుంచి చూసినవాడికి కనిపించదు.

షాకబ్జర్లు మారిస్తే బండి లేస్తుందని చాలామంది అనుకుంటారు. బరువు మోసేది స్ప్రింగే. షాకబ్జర్ పని ఊపును ఆపడం. అందుకని కొలతలు తగ్గితే స్ప్రింగులు మార్చు, ఒకవైపు ఒక్కటే కాకుండా ముందు జత, వెనక జత చొప్పున వేయించు. స్ప్రింగూ షాకబ్జరూ కలిసి ఉండే స్ట్రట్ పైన నట్టును స్ప్రింగ్ కంప్రెసర్ బిగించకుండా ఎవరూ విప్పకూడదు, ఎంత అనుభవమున్న మేస్త్రీ అయినా సరే. నొక్కుకుని ఉన్న ఆ స్ప్రింగ్ ఒక్కసారిగా విదిలిస్తే ప్రాణం మీదికి వస్తుంది.

స్ప్రింగులతో పాటు రబ్బరు బుష్‌లు కూడా మార్పిస్తే, నువ్వు దగ్గరుండి చూడాల్సిన పని ఒకటుంది. లోయర్ ఆర్మ్ బుష్ బోల్టుల చివరి బిగింపు, బండి తన చక్రాల మీద తాను నిలబడ్డాకే జరగాలి. జాకీ మీద చక్రాలు వేలాడుతుండగా గట్టిగా బిగిస్తే, బండి దించగానే లోపలి రబ్బరు మెలి తిరిగిపోతుంది. కొన్నాళ్లు ఆ మెలికే బండిని కొంచెం ఎత్తుగా నిలబెడుతుంది. తర్వాత రబ్బరు చిరుగుతుంది.

ఇక ఆ రెండంగుళాల సంగతి. స్ట్రట్ నెత్తిన స్పేసర్ పెడితే బాడీ పైకి లేస్తుంది, చక్రాలు ఉన్నచోటే ఉంటాయి. గేర్‌బాక్స్ నుంచి చక్రానికి వెళ్లే డ్రైవ్ షాఫ్టులు మరింత వాలుగా తిరగాల్సి వస్తుంది. గుంతలో చక్రం జారినప్పుడు ఆ వాలు ఇంకా పెరుగుతుంది. జాయింట్ త్వరగా అరుగుతుంది, దాని రబ్బరు బూటు చిరిగి గ్రీజు బయటికి కొడుతుంది, మలుపుల్లో టకటక శబ్దం మొదలవుతుంది. బ్రేకు గొట్టం బిగుసుకుంటుంది. టై రాడ్డు వాలిపోయి, గతుకులో పడ్డప్పుడల్లా స్టీరింగు తనంతట తాను లాగుతుంది. చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కొలత (టో) మారి టైర్లు ఒక అంచున అరిగిపోతాయి. స్ప్రింగ్ చుట్ల మధ్య దూర్చే రబ్బరు బఫర్లూ మంచివి కావు. అవి రెండు చుట్లను కదలకుండా చేసి, బరువంతా మిగతా చుట్ల మీద వేస్తాయి. పెద్ద టైర్ల దారి కూడా లెక్కేసి చూశాను. 145/80 ఆర్12 తీసి 155/80 ఆర్12 వేస్తే దక్కేది 8 మిల్లీమీటర్లు. దానికోసం స్పీడోమీటర్ అసలు వేగం కంటే మూడు శాతం తక్కువ చూపిస్తుంది.

వీటన్నిటికంటే నన్ను భయపెట్టేది బరువు పైకి పోవడం. హైవే మీద గేదె అడ్డొస్తే నువ్వు స్టీరింగు ఒక్కసారి తిప్పుతావు. లేపిన బండి అక్కడ ఎక్కువగా ఒరుగుతుంది. జారుతున్న బండిని సర్దే ఎలక్ట్రానిక్ ఏర్పాటు ఆ పాత ఆల్టోలో లేదు. వెనక సీట్లో మా అక్కా బావా కూర్చుంటారు కదా, ఆ సంగతి గుర్తుంచుకో.

చట్టమూ తెలుసుకో. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే ఖరారు చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణ ప్రకారం, చట్టం అనుమతించని మార్పుకు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ కూడా ఆ స్పేసర్ల గురించి అడగవచ్చు.

స్ప్రింగులు వేశాక అలైన్‌మెంట్ చేయించు, హెడ్‌లైట్లు గోడ మీద వేసి వెలుగు ఎంత ఎత్తున పడుతోందో సరిచూసుకో. నడిపే పద్ధతి కూడా కొంచెం మార్చుకో. బ్రేకు నొక్కి ఉంచితే బండి ముక్కు కిందికి వంగుతుంది. కాబట్టి వేగమంతా ముందే తగ్గించుకుని, చక్రం గట్టు ఎక్కే క్షణానికి బ్రేకు వదిలెయ్. నిటారు గట్టయితే, ఎదురు బండి లేనప్పుడు కొంచెం ఏటవాలుగా, ఒక్కో చక్రాన్ని ఎక్కించు.

ఆదివారం పొద్దున్నే ఎండ ముదరకముందే కొలతలు తీసుకుని, నాలుగు చక్రాల అంకెలూ, మెరుపు ఎక్కడుందో కూడా నాకు రాసి పంపు. ఏ భాగాలు మార్చాలో, ఏవి అక్కర్లేదో నేను చెబుతాను. స్ప్రింగులు కొనేటప్పుడు ఆటోనగర్‌లో నేనే పక్కన ఉంటాను. అంతవరకు బండి ఎవరి చేతికీ ఇవ్వకు.

అక్కకూ బావకూ నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
నీ మామయ్య